తొమ్మిది లక్షల గాలిపటం: లోన్ తీసుకోవాలా, ఫండ్స్ అమ్మాలా?

ప్రశ్న: మాది వైజాగ్, ఉద్యోగం హైదరాబాద్‌లో, వయసు 28. చేతికొచ్చే జీతం 92 వేలు. మూడేళ్ళ క్రితం రామేశ్వరంలో కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ళపై జారే ఆట) నేర్చుకున్నా, అప్పట్నుంచి సెలవులన్నీ అక్కడే. ఇప్పుడు బయట దేశాల్లో పోటీలకి వెళ్దామని ఉంది. జూలైలో శ్రీలంక 1.3 లక్షలు, తర్వాత థాయ్‌లాండ్ 1.6, స్పెయిన్ 3.1, కొత్త ఫాయిల్ గేర్ (బోర్డుని నీళ్ళపైకి లేపే రెక్క ఉన్న సెట్) 3, మొత్తం 9 లక్షలు అవుతుందని లెక్కేశా. మూడు ట్రిప్పులకీ కలిపి 35 రోజులు, ఆఫీసులో ఏడాదికి 15 సెలవులు. 13 శాతానికి మూడేళ్ళ పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. మ్యూచువల్ ఫండ్స్‌లో 6.4 లక్షలు, ఎఫ్‌డీలో 2 లక్షలు ఉన్నాయి. 5 లక్షల చీటీ నడుస్తోంది, 25 నెలల్లో 20 అయిపోయాయి, ఇంకా పాడలేదు. అద్దె, తిండి కలిపి 30 వేలు, ఇంటికి 15, చీటీకి సుమారు 17, సిప్ 10, మిగిలేది 20 వేలు. లోన్ మంచిదా, ఫండ్స్ అమ్మడం మంచిదా? విదేశీ ఖర్చు మీద 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టేస్తారట, నిజమేనా? నాన్నగారేమో ఫండ్స్ డబ్బు పెళ్ళికి అంటున్నారు.

జవాబు: ముందు మీకో థాంక్స్ అండి. నాకొచ్చే ఉత్తరాల్లో పదికి తొమ్మిది ఫ్లాట్ కొనాలా అద్దెకుండాలా అనే ఉంటాయి, గాలిపటం పట్టుకుని సముద్రం మీద ఎగురుతాను డబ్బులెలా అని అడిగింది మీరే మొదలు. పైగా లెక్క వేసి పంపారు, సగం పని అయిపోయింది.

రెండూ వద్దు. లోనూ వద్దు, ఫండ్సూ అమ్మొద్దు. అలా అని పోటీలు మానెయ్యమనట్లేదు, ఈ 9 లక్షల్లో కొంత ఇప్పుడు పెట్టక్కర్లేని ఖర్చు ఉంది, అసలు పెట్టాల్సిన ఖర్చు కొంత మీ లిస్టులోనే లేదు, ఈ రెండూ సర్దితే మీ జీతం, చీటీ కలిపి సరిపోతాయి.

లోన్ సంగతి తేల్చేద్దాం. 9 లక్షలు, 13 శాతం, మూడేళ్ళు అంటే ఈఎంఐ నెలకి 30,300 దాకా పడుతుంది, మీకు మిగిలేది 20 వేలు. అంటే మొదటి నెల నుంచే సిప్ ఆపేయాలి, లేదా ఇంటికి పంపేది తగ్గించాలి. మూడేళ్ళకి వడ్డీయే 1.9 లక్షలు, అంటే ఒక థాయ్‌లాండ్ ట్రిప్పు బ్యాంకు వాళ్ళు చేసొస్తారన్నమాట మీ డబ్బుతో. ఇంకో విషయం, ఇల్లు కొన్న లోన్‌కి ఇల్లుంటుంది, ఈ లోన్‌కి ఏమీ ఉండదు. మీరు కాలు విరిగి ఇంట్లో కూర్చున్నా ఐదో తారీఖు ఈఎంఐ పోతుంది.

ఇక ఆ కాలు సంగతికే వస్తున్నా, ఎందుకంటే మీ లిస్టులో లేని పెద్ద ఖర్చు అదే. కైట్‌లో మోకాలు, చీలమండ, భుజం, పక్కటెముకలు, ఇవన్నీ పోయేవే, మీకు నాకన్నా బాగా తెలుసు. మోకాలి లిగమెంట్ తెగిందంటే ఆపరేషన్ ఖర్చు ఒకెత్తు, మళ్ళీ మామూలుగా నడిచి తిరిగే దాకా నెలల తరబడి పోయేది ఇంకో ఎత్తు. విదేశంలో జరిగితే హాస్పిటల్ బిల్లు యూరోల్లో వస్తుంది, యూరో ఇప్పుడు వంద దాటి కూర్చుంది.

స్పెయిన్‌కి షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలి, దానికి కనీసం 30 వేల యూరోల మెడికల్ కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అందరూ ఏం చేస్తారంటే వెబ్‌సైట్‌లో అన్నిటికన్నా చవగ్గా ఉన్నది కొని వీసా ఫైల్లో పెట్టేస్తారు, వీసా వస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. ఆ పాలసీ కాగితాల్లో లోపలెక్కడో అడ్వెంచర్ స్పోర్ట్స్‌కి వర్తించదు అనో, పోటీల్లో పాల్గొంటే వర్తించదు అనో ఉంటుంది. అడ్వెంచర్ స్పోర్ట్స్ కవర్ విడిగా యాడ్ చేస్కోవచ్చు, కానీ చాలాసార్లు అది సరదాకి చేసే వాటర్ స్పోర్ట్స్‌కే, నంబర్ జెర్సీ వేసుకుని రేసులో దిగారంటే మళ్ళీ కవర్ లేనట్టే. అందుకని కొనేముందు కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, 'నేను ఫలానా తేదీల్లో కైట్ సర్ఫింగ్ పోటీలో పాల్గొంటున్నాను, గాయమైతే క్లెయిమ్ ఇస్తారా' అని సూటిగా. ఫోన్లో కస్టమర్ కేర్ అమ్మాయి 'ఎస్ సర్, కవర్ అవుతుంది' అన్న మాట క్లెయిమ్ రోజు ఎవరికీ గుర్తుండదు, రాతలో ఉండాలి.

మన దేశంలో హెల్త్ పాలసీలకి కూడా ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖాయం చేసిన ఒక మినహాయింపు ఉంది. ప్రమాదకరమైన, సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొంటే అయ్యే వైద్యం ఖర్చుకి కవర్ ఉండదని. అందులో ఆ 'ప్రొఫెషనల్‌గా' అన్న ఒక్క మాటే మీకు ముఖ్యం. ఉద్యోగం చేస్తూ సెలవుల్లో రేసులకెళ్ళే మీరు ప్రొఫెషనల్ కాదని వాదించొచ్చు, కానీ స్పాన్సర్ డబ్బులు, ప్రైజ్ డబ్బులు తీసుకోడం మొదలయ్యాక అదే వాదన కష్టమవుతుంది. టర్మ్ పాలసీ ఉంటే దాని ప్రపోజల్‌లో హాబీల గురించి అడిగిన చోట కైట్ సర్ఫింగ్ రాశారా లేదా చూడండి. దాచొద్దు. నాలుగు రూపాయలు ప్రీమియం ఎక్కువైనా పర్లేదు, దాచిన విషయం మీద క్లెయిమ్ ఆగితే మీ నాన్నగారు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇంకోటి, యూరప్‌లో చాలా పోటీల్లో థర్డ్ పార్టీ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉంటే తప్ప నీళ్ళలోకి దిగనివ్వరు. మీ కైట్ లైన్లు తగిలి ఇంకొకరికి దెబ్బ తగిలితే కట్టాల్సిన పరిహారం అన్నమాట. పోటీ ప్రకటన కాగితంలో ఎంత కవర్ కావాలో ఉంటుంది, మామూలు ట్రావెల్ పాలసీలో ఉండే లయబిలిటీ దీనికి పనికొస్తుందో లేదో కూడా అదే ఈమెయిల్లో అడిగేయండి. స్పెయిన్‌కి వీటన్నిటికీ కలిపి 20 వేలు పక్కన పెట్టండి, మీ 3.1 లో ఇది లేదు. సెలవుల ఖర్చు కూడా మీ లెక్కలో లేదు. మూడు ట్రిప్పులూ కలిపి 35 రోజులు రాశారు, అందులో పనిదినాలు పాతికైనా ఉంటాయి, ఏడాదికి 15 సెలవులంటే మిగిలిన పది రోజులు లాస్ ఆఫ్ పే, అంటే 30 వేలు జీతంలోంచి పోయినట్టే.

గాలి కూడా ఖర్చేనండి, నవ్వకండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫార్ములా కైట్ (ఫాయిల్ బోర్డు మీద కైట్ రేసు) మొదటిసారి పెట్టారు, రేసులు మార్సెయ్‌లో జరిగాయి, ఒలింపిక్స్ అయినా సరే గాలి చాలక రేసులు వాయిదా పడ్డాయి. ఒలింపిక్స్‌కే దిక్కులేనప్పుడు మీ పోటీకి గ్యారంటీ ఏముంది? ఐదు రోజుల ఈవెంట్‌లో రెండ్రోజులే రేసులు జరగొచ్చు, లేదా చివరి రోజు గాలి వచ్చి మీ ఫ్లైట్ ఆ రాత్రికే ఉండొచ్చు. గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకోవాలంటారు మన రైతులు, మీకది అక్షరాలా వర్తిస్తుంది. కాబట్టి తిరుగు టికెట్ తేదీ మార్చుకోగలిగేదే తీసుకోండి, నాలుగైదు వేలు ఎక్కువైనా సరే, ఇంకో 30 వేలు గాలి కోసమని విడిగా ఉంచండి.

గేర్ దగ్గర మాత్రం మీతో కాస్త గొడవ పడాలి. కొత్త ఫాయిల్ సెట్ మూడు లక్షల్లో రాదు. ఒక రేస్ కైట్, బోర్డు, ఫాయిల్ కొనేసరికే మూడు దాటేస్తుంది, ఆ క్లాసులో నిజంగా పోటీ పడాలంటే గాలిని బట్టి మార్చుకోడానికి చిన్నవీ పెద్దవీ కలిపి మూడు నాలుగు కైట్లు కావాలి. మీరు ఇప్పటిదాకా నడిపింది ట్విన్‌టిప్ (రెండు వైపులా ఒకేలా ఉండే మామూలు బోర్డు) అనుకుంటున్నా, ఫాయిల్ మీద ఎన్ని గంటలున్నాయో రాయలేదు, రాయలేదంటే తక్కువే అనుకుంటున్నా. మొదటి ఏడాది ట్విన్‌టిప్ కేటగిరీలున్న పోటీలకే వెళ్ళండి. సీజన్ అయ్యాక సెట్లు అమ్మేసేవాళ్ళు రామేశ్వరంలోనే దొరుకుతారు, రెండు కైట్లు, బార్ (కైట్‌ని తిప్పే పిడి), బోర్డు మంచి కండిషన్‌లో 1.5 లక్షల లోపు చూస్కోండి. కైట్ గుడ్డ చేతితో నలిపి చూడండి, లైన్లు సమానంగా ఉన్నాయో లాగి చూడండి, బ్లాడర్‌లో (కైట్ లోపలి గాలి గొట్టంలో) గాలి నింపి రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. ఫాయిల్ కావాలంటే అద్దెకి తీసుకుని నేర్చుకోండి, రెండేళ్ళ తర్వాత కూడా అదే పిచ్చి ఉంటే అప్పుడు కొందాం.

థాయ్‌లాండ్ ఈ ఏడాదికి తీసేయండి. శ్రీలంకలో కల్పిటియా ఉంచండి, అది కొలంబోకి ఉత్తరాన రోడ్డు మీద నాలుగు గంటలో ఐదు గంటలో, మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి బాగా ఉంటుంది, రామేశ్వరం గాలికి అలవాటుపడ్డ మీకు అక్కడ కొత్తగా అనిపించదు, తప్పులు చేసినా చవగ్గా తేలిపోతాయి. స్పెయిన్ వచ్చే ఏడాది వేసవికి. అక్కడ కైట్ సర్ఫింగ్‌కి పేరున్న తరీఫాలో లెవాంతే అనే తూర్పు గాలి వీచిందంటే మామూలుగా ఉండదట, అక్కడికి మొదటి పోటీగా వెళ్ళి 3 లక్షలు పెట్టి ఒడ్డున కూర్చుని చూసి రావడం నాకైతే ఇష్టం లేదు.

ఇప్పుడు డబ్బు ఎక్కణ్ణుంచి. నెలకి 20 వేలు చొప్పున జూలై దాకా ఐదు నెలలకి లక్ష, కల్పిటియాకి ఇంకో 30 వేలు కావాలి, అది బోనస్‌లోంచి తీయండి, బోనస్ లేదంటే మూడు రోజులు తగ్గించండి. చీటీ ఇప్పుడు పాడొద్దు. ఇరవై నెలలు ఓపిక పట్టి చివరి ఐదు నెలల్లో తొందరపడి తగ్గించుకుంటే ఏం లాభం, ఆఖరిదాకా ఉండండి, కమిషన్ పోను 4.7 లక్షలు చేతికొస్తాయనుకుందాం. అందులో 1.5 తీసి ఎఫ్‌డీలో కలిపేయండి, 3.5 అవుతుంది, అంటే అద్దె, తిండి, ఇంటికి పంపేది కలిపి నెలకి 45 వేలు చొప్పున ఏడు నెలలు జీతం లేకపోయినా బండి నడుస్తుంది. అది మీ మోకాలి డబ్బు, కైట్ డబ్బు కాదు, ఎంత మంచి సెట్ ఎంత చవగ్గా వచ్చినా దాన్ని ముట్టుకోవద్దు.

మిగిలిన 3.2 లక్షలకి విడిగా ఒక సేవింగ్స్ అకౌంట్ తెరవండి. చీటీ అయిపోయాక మీకు నెలకి 37 వేలు మిగులుతాయి, 30 అందులో వేయండి, 7 ఎఫ్‌డీ వైపు. ఏడు నెలలకి 2.1, మొత్తం 5.3 లక్షలు. పాత గేర్ 1.5, స్పెయిన్ 3.1, ఇన్సూరెన్స్ 20 వేలు, గాలి కోసం 30 వేలు, కలిపితే 5.1. సిప్ ఆగలేదు, ఫండ్స్ కదల్లేదు, నాన్నగారితో గొడవా లేదు. ఎప్పుడైనా ఫండ్స్ అమ్మాల్సి వచ్చినా ఒకేసారి అమ్మకండి, ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ లాభం మీద ఏటా 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం, కాబట్టి సగం మార్చిలో సగం ఏప్రిల్‌లో అమ్మితే రెండేళ్ళ మినహాయింపు వాడుకున్నట్టు.

టీసీఎస్ గురించి భయపడకండి. ఇలాంటి ప్రయాణాలకి విదేశీ కరెన్సీ తీసుకున్నా, పంపినా ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన దాని మీదే 20 శాతం, మీరు దాని దరిదాపుల్లో కూడా లేరు. విదేశంలో ఉన్నప్పుడు క్రెడిట్ కార్డు గీకిన ఖర్చు ప్రస్తుతానికి ఆ లెక్కలోకే రాదు. టూర్ ప్యాకేజీ కొంటే మాత్రం రూల్ వేరు, మొదటి రూపాయి నుంచే టీసీఎస్ ఉంటుంది, అందుకే ఫ్లైట్, రూము మీరే విడివిడిగా బుక్ చేస్కోండి. ఒకవేళ ఎక్కడైనా పట్టుకున్నా అది పోయిన డబ్బు కాదు, రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు, ఆఫీసులో పేరోల్ వాళ్ళకి ముందే చెప్తే జీతం మీద టీడీఎస్‌లో సర్దుతారు కూడా.

నిజంగా పోయే డబ్బు కార్డు మార్కప్‌లో, అంటే విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు చార్జీలో ఉంది. చాలా కార్డులకి 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, 2 లక్షలు గీకితే 8 వేల పైచిలుకు ఊరికే పోతాయి. మార్కప్ లేని కార్డు ఒకటి ఇప్పుడే అప్లై చేస్కోండి. అక్కడ మెషిన్ 'రూపాయల్లో కడతారా' అని మర్యాదగా అడుగుతుంది, వద్దని యూరోల్లోనే కట్టండి, ఆ మర్యాద ఖరీదు ఎక్కువ.

ప్రైజ్ మనీ ఆదాయంగా ఒక్క రూపాయి కూడా రాయొద్దు. స్పాన్సర్ల సంగతి అడగలేదు గానీ చెప్తా, కైట్ ఒలింపిక్ క్రీడ, 2028 లాస్ ఏంజిలిస్‌లో కూడా ఉంది, కంపెనీల సీఎస్ఆర్ (సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) జాబితాలో ఒలింపిక్ క్రీడల శిక్షణకి చోటుంది. కానీ అది సంస్థల ద్వారా శిక్షణకి వెళ్ళే డబ్బు, మీ టీషర్ట్ మీద లోగో వేయించుకుని ఇచ్చేది సీఎస్ఆర్ కాదు, మామూలు ప్రకటన ఖర్చు, మీకది పన్ను పడే ఆదాయం. ఊళ్ళో నగల షాపాయన ఫ్లెక్సీ వేయించి లక్ష ఇస్తానంటే తీస్కోండి, రసీదు మాత్రం రాసివ్వండి. కైట్ తెరచాప క్రీడల్లో ఒకటి కాబట్టి పెద్ద పోటీలకి మన దేశ సంఘం యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సభ్యత్వం, అంతర్జాతీయ సంఘం వరల్డ్ సెయిలింగ్ ఇచ్చే సెయిలర్ ఐడీ అడుగుతారు, అవి ఈ నెలలోనే చేయించుకోండి, ఆఖర్లో వీటికోసం పరిగెత్తి ఎంట్రీ ఫీజు లేట్ రేటుకి కట్టేవాళ్ళున్నారు.

బ్యాగ్ ఒక్కోటి 32 కిలోలు దాటనివ్వకండి, దాటితే డబ్బు కట్టినా చాలా చోట్ల తీసుకోరు. వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ కౌంటర్ దగ్గర గేర్ చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, లేదంటే తిరిగొచ్చేటప్పుడు మీ పాత కైట్‌నే విదేశంలో కొన్నారేమో అని ఆపి డ్యూటీ అడగొచ్చు. దానికి సీరియల్ నంబర్లు, కొన్న బిల్లు కావాలి, సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారు కాబట్టి అమ్మేవాళ్ళ దగ్గర ఆ పాత బిల్లు అడిగి తీసుకోడం మర్చిపోకండి.