మెంథాల్ నిజంగా చల్లబరుస్తుందా?

ప్రశ్న: ఎండాకాలంలో మెంథాల్ కలిపిన పౌడరు, ముఖానికి రాసుకునే జెల్ వాడుతుంటాను. రాసిన వెంటనే ఒళ్లు చల్లబడినట్లు ఉంటుంది. చర్మపు వేడి నిజంగానే తగ్గుతుందా? రోజూ వాడితే చర్మానికి మంచిదేనా?

జవాబు: మెంథాల్ వల్ల చర్మం వేడి తగ్గదు, చల్లగా ఉందన్న కబురు మాత్రం మెదడుకు చేరుతుంది. చర్మంలోని నరాల చివర్లలో చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎమ్8 అనే గ్రాహకం ఒకటి ఉంది. చర్మం ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు వచ్చినప్పుడు అది మామూలుగా చురుకవుతుంది. మెంథాల్ తగిలినప్పుడు ఆ హద్దు పైకి జరుగుతుంది కనుక, 32, 33 డిగ్రీల దగ్గర ఉండే మామూలు చర్మాన్నే నరం చల్లనిదిగా లెక్కగడుతుంది. మెంథాల్ ఫేస్‌వాష్‌తో ముఖం కడుక్కున్నాక ఫ్యాను కింద కూర్చుంటే ఆ గాలి మంచు మీదుగా వచ్చినట్లు తోచడానికి కారణం ఇదే. ఈ గ్రాహకాన్ని 2002లో విడివిడిగా గుర్తించిన పరిశోధకులలో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటాపూటియన్‌లకు, స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాల మీద చేసిన కృషికి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

మీ జెల్‌లో నీరు, ఆల్కహాల్ ఉంటే అవి ఆవిరయ్యే కొద్ది నిమిషాలు చర్మం నిజంగానే కాస్త చల్లబడుతుంది, కానీ ఆ గొప్ప మెంథాల్‌ది కాదు. పౌడరుకు ఆ పాటి ప్రయోజనం కూడా లేదు. అందుచేత వడదెబ్బ తగిలే ఎండలో ఈ అనుభూతిని నమ్ముకోవడం ప్రమాదం. ఒళ్లు చల్లగా అనిపిస్తున్నా లోపలి వేడి పెరుగుతూనే ఉండవచ్చు.

అలాగని ఇది ఉత్త మాయ అని కొట్టిపారేయలేము. చల్లదనపు సంకేతాలు దురదను అణచివేస్తాయి కనుక చెమటపొక్కుల వంటి వాటికి మెంథాల్ కొంత ఉపశమనం ఇస్తుంది. అమెరికాలో వైద్యుని చీటీ లేకుండా అమ్మే దురద మందులలో దీనిని 0.1 నుంచి 1 శాతం వరకు అనుమతిస్తారు. నొప్పి నివారణ లేపనాలలో ఇది అంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది. అటువంటి లేపనాలు రాసుకున్న చోట కొందరికి చర్మం కాలినట్లు గాయాలయ్యాయని, తీవ్రమైన కేసులలో చాలావరకు 3 శాతానికి మించి మెంథాల్ ఉన్న లేపనాల వల్ల వచ్చినవేనని ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది. వాటిని ముఖానికి రాయకూడదు. రాసిన చోట బిగుతుగా కట్టు కట్టడం, వేడి కాపడం పెట్టడం కూడా తగదు. మీరు వాడే జెల్ తక్కువ మోతాదుదే అయితే రోజూ వాడినా చాలామందికి ఇబ్బంది ఉండదు. ఎగ్జిమా ఉన్నవారు, అప్పుడే గడ్డం గీసుకున్నవారు, చర్మం ఎర్రబడే స్వభావం ఉన్నవారు మాత్రం దూరంగా ఉండటమే మేలు.

ప్రశ్న: ఒక క్రీము మీద మెంథాల్ బదులు మెంథిల్ లాక్టేట్ అని ఉంది. సహజమైన మెంథాలే మంచిదంటారు కదా?

జవాబు: మెంథాల్‌ను లాక్టిక్ ఆమ్లంతో కలిపి తయారుచేసేదే మెంథిల్ లాక్టేట్. దీనికి ఘాటైన వాసన దాదాపు ఉండదు, చల్లదనం నెమ్మదిగా మొదలై ఎక్కువసేపు నిలుస్తుంది కనుక ముఖానికి వాడే క్రీములలో తయారీదారులు దీనినే ఇష్టపడుతున్నారు. ఇక సహజం, కృత్రిమం అన్న తేడాకు ఇక్కడ పెద్ద అర్థం లేదు. మెంథా ఆర్వెన్సిస్ అనే పుదీనా జాతి మొక్క నూనెను బాగా చల్లబరిస్తే మెంథాల్ స్ఫటికాలుగా పేరుకుంటుంది. కర్మాగారంలో రసాయనికంగా తయారుచేసే ఎల్-మెంథాల్‌ది కూడా అదే అణువు. శుద్ధి చేసిన తరువాత చర్మం ఆ రెండింటికీ తేడా కనిపెట్టలేదు.

ప్రశ్న: పుదీనా నూనె రాస్తే జుట్టు పెరుగుతుందని, మెంథాల్ షాంపూతో చుండ్రు పోతుందని చదివాను. నిజమేనా?

జవాబు: జుట్టు మాటకు ఆధారంగా తరచూ చూపేది 2014లో వెలువడిన ఒక అధ్యయనం. అందులో 3 శాతం పెప్పర్‌మింట్ నూనె పూసినప్పుడు నాలుగు వారాలలో వెంట్రుకలు బాగా పెరిగిన మాట వాస్తవమే, కానీ అవి ఎలుకల వెంట్రుకలు. దానిని పట్టుకుని మనుషుల బట్టతలకు మందు దొరికిందనడం తొందరపాటు. తల జిల్లుమనడం కుదుళ్లు బలపడుతున్నాయనడానికి గుర్తు కాదు. చుండ్రులో మలసీజియా అనే శిలీంధ్రం పాత్ర ఉంది కనుక కీటోకోనజోల్ వంటి శిలీంధ్రనాశకం ఉన్న షాంపూ కావాలి. మెంథాల్ దురదను కాసేపు మరిపిస్తుంది, అంతే.

ప్రశ్న: ఘాటైన టూత్‌పేస్టు, మంట పుట్టించే మౌత్‌వాష్ వాడితేనే నోరు శుభ్రపడినట్లు అనిపిస్తుంది. ఘాటు ఎక్కువైతే క్రిములు ఎక్కువ చస్తాయా?

జవాబు: ఘాటుకూ శుభ్రతకూ అటువంటి లెక్క లేదు. టూత్‌పేస్టులో పళ్లు పుచ్చకుండా కాపాడేది ఫ్లోరైడు, పాచిని వదిలించేది బ్రష్షు రాపిడి. మెంథాల్ రుచి కోసం, తాజాదనపు భావన కోసం వేసినది. ఇబ్బంది ఏమిటంటే, ఆ భావన రాగానే పని పూర్తయిందనుకుని అర నిమిషంలో బ్రష్షు కడిగేసేవారు చాలామంది ఉంటారు. మెంథాల్, థైమాల్, యూకలిప్టాల్, మిథైల్ శాలిసిలేట్ కలిసిన మౌత్‌వాష్‌లు బ్రషింగ్‌కు తోడుగా వాడితే పాచిని, చిగుళ్ల వాపును కొంత తగ్గిస్తాయి. అయితే అది ఆ కలయిక చేసే పని, మంట దానికి కొలమానం కాదు. నోటి దుర్వాసన చాలావరకు నాలుక వెనుక భాగంలో సూక్ష్మజీవులు విడుదల చేసే గంధక సమ్మేళనాల వల్ల పుడుతుంది. నాలుకను గీకి శుభ్రం చేయకుండా పుదీనా వాసనతో కప్పితే కొంతసేపటికే అది మళ్లీ బయటపడుతుంది. పెదవుల చుట్టూ ఎర్రగా పొలుసులు లేచినా, నోటిలో పూత తగ్గకపోయినా పుదీనా రుచి లేని పేస్టుకు మారి చూడండి. కొందరికి ఇది పడదు.

ప్రశ్న: పదినెలల పాపకు జలుబు చేసినప్పుడు మెంథాల్ బామ్ ముక్కు దగ్గర రాయవచ్చా?

జవాబు: రాయకూడదు. పెద్దవారిలో కూడా మెంథాల్ ముక్కు దిబ్బడను తొలగించదు. పీల్చే గాలి చల్లగా తగిలి ముక్కు తెరుచుకున్నట్లు అనిపిస్తుంది, దారి ఇరుకుగానే ఉంటుంది. పసిపిల్లల ముక్కు దగ్గర రాస్తే గొంతు కండరాలు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ముక్కులో సెలైన్ చుక్కలు వేయడం చాలు. పాలు తాగలేకపోతున్నా, ఊపిరికి ఎగపోస్తున్నా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి. బామ్‌ను, మెంథాల్ స్ఫటికాలను పాపకు అందని ఎత్తులో ఉంచండి. మింగిందన్న అనుమానం కలిగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.