నెమ్మా, నీరా? ఎక్స్‌రే ముందు ఏ మాట వాడాలి?

సందేహం: కర్నూలులో ఐసీయూ వైద్యురాలిని. పీజీలకు, హౌస్‌సర్జన్లకు రోగి మంచం దగ్గరే ఎక్స్‌రేలు చూపించి నేర్పుతుంటాను. రోగి తాలూకువాళ్లు 'నెమ్ము చేసిండాదా మేడం?' అని అడిగితే మా పిల్లలు 'నెమ్ము కాదు, ఊపిరితిత్తుల్లో నీరు' అని దిద్దుతున్నారు. నెమ్ము నాటుమాటా? ఏది సరైన ప్రయోగం? ఎక్స్‌రేను 'చదవడం' అనొచ్చా?

సమాధానం: నెమ్ము నాటుమాట కాదమ్మా, అచ్చమైన తెలుగుమాట. చెమ్మ, తేమ అని అర్థం. గోడ నెమ్మెక్కింది, నేల నెమ్ముగా ఉంది అంటాం. ఆ చెమ్మ రొమ్ములో చేరితే 'నెమ్ము చేసింది' అన్నారు. అటు గద్వాల నుంచి, ఇటు ఆదోని, బళ్లారి వైపు నుంచి మీ ఊరి ఆసుపత్రులకు వచ్చేవాళ్లకు విడమరచి చెప్పకుండానే అర్థమయ్యే మాట అది. దాన్ని దిద్దాల్సిన పనిలేదు. చిక్కంతా మీ పిల్లలు బదులు చెబుతున్న మాటలోనే ఉంది.

'ఊపిరితిత్తుల్లో నీరు' అంటూ రెండు వేర్వేరు సంగతులు చెప్పేస్తున్నాం. గుండె నీరసించి ఊపిరితిత్తిలోని గాలిగదుల్లోకే నీరు ఊరడం ఒకటి. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ నడుమ నీరు నిలవడం ఇంకొకటి. మొదటిదానికి మూత్రం ఎక్కువగా పోయే మందు ఇస్తారు, రెండోదాన్ని అవసరమైతే సూది గుచ్చి తీస్తారు. వైద్యంలో ఇంత తేడా ఉన్నప్పుడు మాట ఒక్కటే అయితే ఎలా? కొత్త పదాలు పుట్టించనక్కర్లేదు. 'ఊపిరితిత్తి లోపల నీరు', 'ఊపిరితిత్తి చుట్టూ నీరు' అంటే చాలు. నెమ్మును న్యుమోనియాకు ఉంచేయండి.

మీరు అడగలేదు గానీ, ఇంతకంటే ముఖ్యమైంది క్రియాపదం. వెంటిలేటర్ మీదున్న మనిషికి పోర్టబుల్ ఎక్స్‌రే, అంటే యంత్రాన్ని మంచం దగ్గరకే తెచ్చి తీసే ఎక్స్‌రే, తీశారు. ఎడమ ఛాతీ అంతా తెల్లగా ఉంది. విద్యార్థి వెంటనే 'నీరుంది మేడం' అన్నాడనుకుందాం. నీరే కావచ్చు. లేదా నోట్లోంచి వేసిన గొట్టం మరీ లోతుకు దిగి, శ్వాసనాళం రెండుగా చీలాక వచ్చే కుడి కొమ్మలోకి పోయి, ఎడమ ఊపిరితిత్తి గాలి అందక ముడుచుకుపోయి ఉండొచ్చు. కుడి కొమ్మ ఎడమదానికంటే వెడల్పు, నిటారు కూడా, అందుకే గొట్టం ఎక్కువగా అటే జారుతుంది. ఊపిరితిత్తి ముడుచుకుంటే గుండె, శ్వాసనాళం తెలుపు వైపుకే జరుగుతాయి. నీరు బాగా నిండితే అవతలికి ఒత్తిగిల్లుతాయి. పెద్దవాళ్లకు గొట్టం కొస శ్వాసనాళం చీలేచోటికి సుమారు 3 నుంచి 5 సెంటీమీటర్లు పైన ఉండాలి. ఇవేవీ చూడకముందే 'నీరుంది' అని నోరు జారితే కన్ను ఇక వెతకదు. గొట్టాన్ని కాస్త వెనక్కి లాగాల్సిన చోట సూది దిగే ప్రమాదం ఉంది.

అందుకని మీ పిల్లల చేత మొదటి వాక్యం 'ఎడమవైపు తెల్లగా కనిపిస్తోంది' అనే చెప్పించండి. గొట్టం కొస, గుండె జరిగిన వైపు చూసుకున్నాక 'నీరున్నట్టుంది' అనో 'ముడుచుకున్నట్టుంది' అనో అనాలి. అల్ట్రాసౌండ్ పెట్టి, అందులో నల్లగా కనబడే నీటిని చూశాక 'నీరుంది' అనొచ్చు. కళ్లతో చూసిందీ, ఊహించిందీ, రూఢి చేసుకుందీ వేటికవి చెప్పే వీలు మన క్రియల్లోనే ఉంది. ఇంత మంచి సదుపాయాన్ని ఆసుపత్రిలో వాడుకోకపోతే ఎక్కడ వాడుకుంటాం?

'గుండె పెరిగింది' అన్న మాట విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పడుకోబెట్టి ముందువైపు నుంచి తీసే పోర్టబుల్ ఎక్స్‌రేలో గుండె వీపు కింద పెట్టిన ప్లేటుకు దూరంగా ఉంటుంది కనుక నీడ పెద్దగా పడుతుంది. 'పెద్దగా కనిపిస్తోంది' అనడం నిజం. 'పెరిగింది' అని వరండాలో ఉన్న అన్నదమ్ములతో అంటే, ఇంకో జబ్బు మొదలైందని వాళ్లు హడలిపోతారు. నీడ అన్నానని మీ విద్యార్థులు తికమక పడొచ్చు. కిరణాలను అడ్డుకున్న చోటే ఎక్స్‌రేలో తెలుపు, కాబట్టి 'తెల్లటి నీడ' అనడంలో తప్పులేదు.

ఇక 'చదవడం'. నాడి చూస్తాం, జాతకం చూస్తాం, ఎక్స్‌రే కూడా చూస్తాం. చదివేది రిపోర్టును. 'ఎక్స్‌రే చదివావా?' అంటే రేడియాలజీవాళ్లు రాసి పంపిన రిపోర్టు సంగతి అడుగుతున్నారని విద్యార్థి అనుకునే వీలుంది. మీరు నేర్పే పనికి 'చూడు' అన్న మాటే సరిపోతుంది.