‘అవి అబ్బాయిల ఆటలు’ అంటోంది మా పాప!

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు, బాబుకు ఐదు. ఏడాది కిందటి దాకా పాపకు బ్లాకులతో ఇళ్లు కట్టడమంటే ప్రాణం. ఇప్పుడు ముట్టుకోవడం లేదు. ‘అవి అబ్బాయిల ఆటలు, లెక్కల్లోనూ వాళ్లే తెలివైనవాళ్లు’ అంటోంది. బాబు ఏడిస్తే మావారు ‘ఆడపిల్లలా ఆ ఏడుపేంటి’ అని కసురుతారు. నేను మాత్రం ఇద్దరినీ ఎప్పుడూ వేరుగా చూడలేదు. ఇదంతా స్కూలు, టీవీ వల్లేనా? స్కూలు మార్చమంటారా?

జవాబు: స్కూలు మార్చే ఆలోచన ఇప్పుడు వద్దు. వేరుగా చూడలేదన్న మీ మాట నమ్ముతున్నాను. కానీ మీవారు కసురుతున్నప్పుడు పాప కూడా పక్కనే ఉండి ఉంటుంది కదా? ఏడవడం తప్పని బాబు నేర్చుకుంటే, ఆడపిల్లంటే అలా బలహీనంగా ఉండేదని పాప నేర్చుకుంది.

రెండు మూడేళ్లకే పిల్లలకు తాము ఆడో మగో తెలుస్తుంది. అప్పటి నుంచి మనం చెప్పేదానికంటే, ఎవరు ఏం చేస్తున్నారో ఎక్కువగా గమనిస్తారు. మీ ఇంట్లో గిన్నెలు తోమేది ఎవరు? బల్బు పోతే మార్చేది ఎవరు? ఒక్క వారం మీరే గమనించండి.

మీ పాప వయసుకూ ఆ మాటకూ సంబంధం ఉంది. 2017లో అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. ఐదేళ్ల ఆడపిల్లలు ‘చాలా చాలా తెలివైనవాళ్లు’ తమలోనూ ఉంటారని మగపిల్లలంత గట్టిగానే నమ్మారు. ఆరేళ్లు వచ్చేసరికి ఆ నమ్మకం తగ్గింది. అలాంటివాళ్ల కోసమని చెప్పిన ఆటల మీద ఇష్టమూ తగ్గింది. మార్కులకు దీనితో సంబంధం లేదు. ఆడపిల్లలు బాగా మార్కులు తెచ్చుకుంటారని వాళ్లూ ఒప్పుకున్నారు. కాబట్టి మీ పాపలో తెలివి తగ్గిందని దయచేసి టెన్షన్ పడకండి.

ఈ ఊహలు మారతాయి కూడా. శాస్త్రవేత్త బొమ్మ గీయమని వేల మంది పిల్లలకు చెప్పిన పరీక్ష ఒకటుంది. 1983లో వచ్చిన ఆ ఫలితాల్లో 4,807 బొమ్మలకు స్త్రీలవి 28. అవన్నీ ఆడపిల్లలు గీసినవే. తర్వాతి దశాబ్దాల్లో అమెరికా పిల్లలు గీసినవాటిలో స్త్రీల బొమ్మలు నూటికి దాదాపు 28. ఆ కాలంలో అక్కడ సైన్సు రంగంలోనూ, పిల్లల పుస్తకాల్లోనూ స్త్రీలు ఎక్కువగా కనిపిస్తూ వచ్చారు.

టీవీ కట్టేయమని చెప్పను. పక్కన కూర్చుని చూడండి. ‘ఇందులో అందరినీ కాపాడింది ఎవరు? ఆ అమ్మాయే కాపాడితే ఎలా ఉండేది?’ అని అడగండి, పాఠం మాత్రం చెప్పకండి. టీచర్‌తో ఒకసారి మాట్లాడితే చాలు. బరువులు మోయడానికి అబ్బాయిల్నీ, ముగ్గులకు అమ్మాయిల్నీ పిలిచే అలవాటు ఉంటే మర్యాదగా చెప్పండి.

అన్నిటికంటే కష్టమైనది మీవారితో మాట్లాడటం. పిల్లల ముందు వద్దు. చిన్నప్పుడు ఆయన కూడా ఆ మాటే విని ఏడుపు దిగమింగుకుని ఉంటారు, ముందు దాని గురించి అడగండి. ఈసారి బాబు ఏడిస్తే దగ్గరకు తీసుకుని ‘ఎక్కడ నొప్పి?’ అని ఆయనే అడిగేలా ఒప్పించండి. పాప అదీ చూస్తుంది.

ఇక బ్లాకులు. ఆడుకోమని బతిమాలకండి. మీరే కింద కూర్చుని కట్టండి, కూలితే మళ్లీ కట్టండి. పాప వచ్చి చెయ్యి వేస్తే ‘ఎంత తెలివో’ అనకుండా ‘ఈ గోడ పడిపోకుండా ఎలా నిలబెట్టావు?’ అని అడగండి. నెల తర్వాత ఎలా ఉందో తప్పకుండా రాయండి.