78 రికార్డు క్రిస్మస్ పాట: రొద తీస్తే గొంతు పాడైపోతోందా?

మీ 'వైట్ క్రిస్మస్' 78 ఆర్‌పీఎం రికార్డును (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత లక్క రికార్డు) కంప్యూటర్‌లోకి ఎక్కించి రొద తీసేస్తే, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుందనీ, పాట చిన్నప్పుడు విన్నట్టు లేదనీ రాశారు. ముందు సూది చూడండి. ఎల్‌పీ (తర్వాత వచ్చిన సన్నగాడి రికార్డు) సూది మొన సుమారు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), 78 గాడికి దాదాపు 3 మిల్ కావాలి. సన్నసూది గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది, గోడల మీదున్న పాటను సరిగా అందుకోదు. అప్పుడు రొద ఎక్కువై, మీరు రొద తీసే ఫిల్టర్ గట్టిగా వేయాల్సి వస్తుంది, దాంతో గొంతు కూడా పాడవుతుంది.

రికార్డును డిస్టిల్డ్ వాటర్‌తో తుడవండి, లేబుల్ తడవకూడదు. ఆల్కహాల్ అస్సలు వద్దు, లక్క కరుగుతుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) అయితే రెండు చానెళ్లనూ కలిపి మోనో, అంటే ఒకే చానెల్, చేయండి. గరగర కొంత అక్కడే తగ్గుతుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో క్లిక్కులు (టక్కుటక్కు మనే చప్పుళ్లు) తీయండి, నాయిస్ రిడక్షన్ (రొద తగ్గింపు) 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. కాస్త బుస మిగలాలి. గాయకుడి ఊపిరి, గది గాలి దాని పక్కనే ఉంటాయి. మనసు లాగేది అదే.

'వైట్ క్రిస్మస్' చిన్నప్పుడు విన్నట్టు లేదన్నారు కదా, అది సూది తప్పు కాకపోవచ్చు. అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ దాన్ని 1942లో రికార్డు చేశారు. మాస్టర్ (కాపీలు తీసే మూల రికార్డు) అరిగిపోవడంతో 1947లో మళ్లీ రికార్డు చేశారు. ఎక్కువగా వినిపించేది రెండోదే. లేబుల్ చుట్టూ చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్‌ను (రికార్డింగ్ గుర్తు సంఖ్య) డిస్కోగ్రఫీతో (రికార్డుల జాబితా) పోల్చండి, మీది ఈ రెండింట్లో ఏదో తేలిపోతుంది.