బోటు అడుగున పగులుకి ఎపాక్సీయా, పాలిస్టర్ పుట్టీయా?

మీ ప్రశ్న ఇదీ: భోగాపురం దగ్గర ముక్కాంలో మీ నాన్నగారి ఫైబర్ బోటుకి అణియం (ముందు కొస) కింద, నీళ్లలో మునిగే చోట జానెడు పగులు పడింది. ఒకరు పాలిస్టర్ పుట్టీ పూసేస్తే సరిపోతుందంటున్నారు, ఇంకొకరు ఎపాక్సీ తప్ప వేరేది వద్దంటున్నారు. ఏది మంచిది?

ఆ చోటుకి ఎపాక్సీయే. అయితే గ్లాసు గుడ్డ (గాజు పోగుల గుడ్డ) వెయ్యకుండా ఉత్త పుట్టీ మాత్రమే పెట్టేటట్టయితే, అది ఎపాక్సీ అయినా సరే, మీ నాన్నగారిని ఆ బోటు మీద వేటకి పంపొద్దు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్తాను.

మా మావయ్యది బారువ. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఒడ్డున కట్టిన బోట్లు ఒకదాని మీదొకటి వచ్చి పడ్డాయి. ఆయన బోటుకి అడుగు భాగంలో మూరెడు చీలిక. ఫైబర్ పని నాకు అప్పటికి కొత్త. దుకాణంలో అడిగితే కార్ల డెంటింగుకి వాడే పాలిస్టర్ పుట్టీ డబ్బా చేతిలో పెట్టి, రాయిలా గట్టిపడుతుందన్నారు. నిజంగానే గట్టిపడింది. ఎమరీ పేపరుతో నున్నగా అరగదీసి నీలం రంగు వేశాను. చూడ్డానికి కొత్త బోటులా ఉంది.

మూడు వారాలు తిరక్కుండానే బోటులోకి నీళ్లు ఊరడం మొదలైంది. ఒడ్డుకి లాగి చూస్తే, పుట్టీ అంచు కింద గోరు దూరేంత సందు. స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే అరచేయంత పెళ్ల ఒక్కసారిగా ఊడి చేతిలోకి వచ్చింది. తిప్పి చూశాను. వెనక వైపు అద్దంలా నున్నగా ఉంది, పాత జెల్‌కోట్ (బోటు పైన ఉండే నున్నటి రంగు పొర) నునుపు దానికి అచ్చుపడింది. అంటే అది బోటుకి ఎప్పుడూ అతుక్కోనే లేదు. గోరుతో నొక్కితే తడిసిన సుద్దముక్కలా లొత్తపడింది. అదృష్టం కొద్దీ ఆ రోజు కెరటాలు చిన్నవి, మనుషులు క్షేమంగా వచ్చారు. ఆ పెళ్లని చాలా రోజులు దాచుకున్నాను.

తర్వాత నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ అన్న మాట ఇది: "పుట్టీ నింపడానికిరా బావూ, మొయ్యడానికి కాదు. మొయ్యాల్సింది గుడ్డ." బోటు బలమంతా గ్లాసు పోగుల్లో ఉంటుంది. పగులు పడిందంటే ఆ పోగులు తెగాయని అర్థం. తెగిన పోగుల మధ్య ఏ ముద్ద కూరినా కెరటం కొట్టిన ప్రతిసారీ గోడ వంగుతుంది, ముద్ద వంగదు. వంగనిది ఊడొస్తుంది.

ఇక పాలిస్టర్ బాడీ పుట్టీలో ఏముంటుందంటే, పాలిస్టర్ రెసిన్ (గట్టిపడే ద్రవ జిగురు), అందులో బాగా ఎక్కువ మోతాదులో టాల్కు పొడి. టాల్కు వల్ల అరగదీయడం సుఖం. కానీ ఆ పుట్టీ నీళ్లు పీలుస్తుంది. కారు తలుపుకి, పైన రంగు ఉంటుంది కాబట్టి, పరవాలేదు. రోజూ ఇసుక మీద ఈడ్చే బోటుకి అడుగున రంగు నిలవదు, తడి తిన్నగా పుట్టీలోకి పోతుంది. పైగా పాలిస్టర్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది. పాత ఫైబర్ మీద దాని పట్టు రసాయనికమైనది కాదు, గరుకు పట్టుకుని నిలిచే పట్టు. ఎపాక్సీ ముడుచుకోవడం చాలా తక్కువ, బోటులోని పాత పాలిస్టర్ మీద అది పట్టే పట్టు చాలా గట్టిది. నీళ్లలో మునిగే చోట, మళ్లీ మళ్లీ వంగే చోట డబ్బు కొంచెం ఎక్కువైనా ఎపాక్సీ వాడమనేది అందుకే.

రెండింటిలో వరస తప్పితే మాత్రం పని మొత్తం పోతుంది. పాలిస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగ్గా పట్టుకోదు, ఒక్కోసారి జెల్‌కోట్ ఎన్ని రోజులైనా జిగటగానే ఉండిపోతుంది. కాబట్టి ఒకసారి ఎపాక్సీతో మొదలుపెడితే చివరి పుట్టీ దాకా ఎపాక్సీయే. పైన జెల్‌కోట్ బదులు పాలీయురెథేన్ రంగు వెయ్యండి. ఎండకి ఎపాక్సీ పాడవుతుంది, రంగు లేకుండా వదలకండి.

పని ఎప్పుడు చేయాలి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజులని మించిన ముహూర్తం లేదు. ముందు మంచినీళ్లతో రెండు మూడు సార్లు ఉప్పు పోయేదాకా కడగండి. పగులు చుట్టూ దెబ్బతిన్నదాన్ని గ్రైండరుతో అరగదీసి, వారమో పది రోజులో ఎండనివ్వండి. లోపల తడి ఉందా లేదా అని చూడ్డానికి ఒక పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అతికించి ఒక రోజు ఎండలో ఉంచండి. లోపలి వైపు చెమట పడితే ఇంకా ఆరలేదు. తొందరపడి తడి మీద వేసిన ఏ రెసినూ నిలవదు.

స్క్రూడ్రైవరు పిడితో పగులు చుట్టూ కొడుతూ వినండి. గట్టి చోట టకటక మంటుంది. పొరలు విడిపోయిన చోట మొద్దుగా, పగిలిన కుండలా మోగుతుంది. ఆ మోత ఎక్కడిదాకా ఉందో పెన్సిలుతో గీసుకుని, అంత మేరా తీసెయ్యండి. జానెడు పగులు కోసం మూరెడు కోయాల్సి వస్తే కోయండి.

అంచుల్ని నిలువుగా ఉంచకూడదు, వాలుగా చెక్కాలి. గోడ మందానికి 12 రెట్లు వాలు. మీ గోడ 4 మిల్లీమీటర్లుంటే చుట్టూ దాదాపు 5 సెంటీమీటర్లు. గ్రైండరు పెట్టే ముందే ఆసిటోన్‌తో జెల్‌కోట్ మీది మైనం తుడవండి. తర్వాత తుడిస్తే మైనాన్ని గరుకులోకి రుద్దినట్టవుతుంది. 80 నంబరు ఎమరీతో గరుకు చేసిన చోట చేతి చెమట కూడా తగలనివ్వకండి. బారువలో నేను వదిలేసిన పని సరిగ్గా ఇదే.

ఎపాక్సీకి నేసిన గ్లాసు గుడ్డే వాడండి. తరిగిన పోగుల మ్యాట్ వద్దు. ఆ మ్యాట్‌లో పోగుల్ని కలిపి ఉంచే బంక, పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరిగేలా చేసినది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, బంక కరగదు, మ్యాట్ లోపల పొడిగా మిగిలిపోతుంది. గుడ్డలో పెద్ద ముక్కని ముందు వేసి, దాని మీద చిన్నవి వేసుకుంటూ పోతాను. కొందరు తిరగేసి వేస్తారు. పెద్దది ముందు వేస్తే అది వాలు మొత్తాన్నీ తాకుతుంది, తర్వాత పైన అరగదీసినా ఆ మొదటి పొర చెక్కుచెదరదు.

కలపడం దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. పాలిస్టర్‌లో క్యాటలిస్టు (రెసిన్‌ని గట్టిపరిచే ద్రవం) ఎండని బట్టి శాతానికి అటూ ఇటూ మార్చుకోవచ్చు. మే నెలలో కిలో రెసిన్‌కి 10 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఎపాక్సీ అలా కాదు, ఎంత రెసిన్‌కి ఎంత హార్డ్‌నర్ అన్నది ఖచ్చితం. లాపాక్స్ ఎల్-12 అనే ఎపాక్సీ రెసిన్‌కి కె-6 హార్డ్‌నర్ బరువులో 100కి 10. త్వరగా ఆరాలని హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే అది ఆరదు, రబ్బరులా మిగిలిపోతుంది. చిన్న డిజిటల్ తూకం కొనండి. ఒకేసారి చెంబెడు కలపొద్దు. వేడెక్కి పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెంగా, వెడల్పాటి పళ్లెంలో కలపండి.

పుట్టీ వంతు చివర్లో. ఎపాక్సీలో ఏరోసిల్ (చిక్కబరిచే సన్నటి సిలికా) పొడి కలుపుతూ పోండి. గరిటె తిరగేస్తే జారకుండా గారెల పిండిలా నిలవాలి. మూలలకి, పగులు లోపలికి ఇది గట్టిది. పైపైన నున్నగా అరగదీయాల్సిన పలచటి పొరకి మైక్రోబెలూన్లు (లోపల బోలుగా ఉండే సన్నటి పూసల పొడి) కలిపిన ఎపాక్సీ తేలిక. కానీ దాన్ని బలం కోసం ఎక్కడా పెట్టకండి. పొరకీ పొరకీ మధ్య రాత్రి గడిస్తే ఎపాక్సీ మీద మైనంలా జిగురు తేలుతుంది, మన ఒడ్డు తేమకి మరీను. మంచినీళ్లు, పాత్రలు తోమే పీచు పెట్టి కడిగి, ఆరాక గరుకు చేసి, అప్పుడే తర్వాతి పొర.

పాలిస్టర్ పుట్టీ పనికిరానిదని కాదు. నీటిమట్టానికి పైన, కూర్చునే పలకల మీద గీతలు, జెల్‌కోట్ రాలిన చిన్న గుంటలు, వాటికి పాలిస్టరే చాలు. త్వరగా ఆరుతుంది, ఖర్చు తక్కువ, దాని మీద జెల్‌కోట్ చక్కగా పడుతుంది.

పాలిస్టర్ వాడేటప్పుడు కోబాల్టుని (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం), క్యాటలిస్టుని ఎప్పుడూ ఒకదానిలో ఒకటి నేరుగా కలపకండి, నిప్పంటుకుంటుంది, పేలుతుంది కూడా. కోబాల్టుని ముందు రెసిన్‌లో బాగా తిప్పి, ఆ తర్వాతే క్యాటలిస్టు. క్యాటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోతుంది, అద్దాలు లేకుండా మూత తీయకండి. ఎపాక్సీ చర్మానికి పదే పదే తగిలితే ఒంటికి పడనిదైపోతుంది, చేతి తొడుగులు తప్పనిసరి. చేతుల్ని ఆసిటోన్‌తో కడగొద్దు, సబ్బుతో కడగండి. గ్రైండరు పట్టినప్పుడు మంచి మాస్కు ఉండాలి.

ఒక సంగతి మీరు చూసి చెప్పాలి. అణియం దగ్గర పలక కింద మూసిన పెట్టె, అందులో ఫోమ్ ఉందా? ఉంటే పగులులోంచి ఉప్పునీళ్లు ఇప్పటికే దానిలోకి దిగి ఉంటాయి. బయట ఎంత ఎండబెట్టినా లోపలి నుంచి చెమ్మ వస్తూనే ఉంటుంది. పలక విప్పి, తడిసిన ఫోమ్ తీశాకే గుడ్డ పని మొదలుపెట్టండి. లోపలి వైపు నుంచి ఒక ఫోటో పెడితే గుడ్డ ఎన్ని పొరలు పడుతుందో చెప్తాను.