సిరప్ సీసా ఖాళీ.. ఏ యాప్ చూడాలి?

ప్రశ్న: మా మూడేళ్ల మనవడు పారాసెటమాల్ సిరప్ సీసా ఎత్తి తాగేశాడు. ఆస్పత్రికి పరుగెత్తాం, గండం గడిచింది. ఇలాంటప్పుడు వెంటనే సమాచారమిచ్చే యాప్ ఏదైనా ఉందా? అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఏపీకే ఫైల్ (ప్లేస్టోర్‌తో పనిలేకుండా యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వచ్చింది. ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వొచ్చా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇవ్వొద్దు. ఈ నెలలో ఇలాంటి మెయిల్ ఇది మూడోది. మందుల గురించి చెప్పే యాప్‌కి మీ ఎస్సెమ్మెస్‌లతో పనేంటమ్మా? బ్యాంకు ఓటీపీలు వచ్చేది వాటిలోనే. పిల్లాడికి ఏమవుతుందోనన్న టెన్షన్‌లో ఎవరైనా ‘అలో’ నొక్కుకుంటూ పోతారు. మోసగాళ్లకు కావాల్సిందీ అదే. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే నెట్ ఆపి, యాప్ తీసేసి, బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి.

పోనీ ప్లేస్టోర్‌లో ఉన్నవి? చాలావరకు అమెరికా వాళ్ల కోసం చేసినవే. అక్కడ పారాసెటమాల్‌ని ఎసిటమైనోఫెన్ అంటారు. మన బ్రాండ్ పేరు కొడితే ‘నో రిజల్ట్స్’. పైగా మన దగ్గర పసిపిల్లల డ్రాప్స్‌లో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, 125 సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125. అంటే డ్రాప్స్ నాలుగు రెట్లు ఘాటు. యాప్‌లో ఒకటి బదులు ఇంకొకటి నొక్కితే లెక్కంతా తారుమారు.

యాప్ కాదు, నంబర్ సేవ్ చేసుకోండి: 1800 116 117. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం, 24 గంటలూ పలుకుతుంది. డాక్టర్లూ చేయొచ్చు. అంబులెన్స్‌కి 108. పిల్లాడు హుషారుగానే ఉన్నాడని ఆగకండి. పారాసెటమాల్ ఎక్కువైతే మొదటి రోజు పైకి ఏమీ తెలియకపోవచ్చు, లోపల లివర్ దెబ్బతింటుంది. విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. సీసా వెంట తీసుకెళ్లండి.

అసలు ఫోన్‌తో స్కాన్ చేస్తే మందు వివరాలు తెలియాలనే కదా, 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకు బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు! స్ట్రిప్ మీద చోటు లేకపోతే పెట్టె మీద వేయొచ్చన్నారు. పెట్టె షాపులోనే ఉండిపోతుంది. మనం అడిగిన నాలుగు మాత్రలు కత్తెరతో కట్ చేసి ఇస్తారు, పేరున్న ముక్క కూడా వాళ్ల దగ్గరే. నిన్న మా ఇంటి మందుల డబ్బా బోర్లిస్తే పేరు లేని ముక్కలు ఆరు తేలాయి.