చారిటీ షాపులో చవగ్గా కొంటే తప్పా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాం. మా వారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, స్కిల్డ్ వర్కర్ వీసా. జీతం ఏడాదికి 44,000 పౌండ్లు. నేను డిపెండెంట్‌గా వచ్చాను, ప్రస్తుతం ఉద్యోగం లేదు. ఇద్దరు పిల్లలు. వచ్చిన కొత్తలో చలికోట్ల కోసం, జనం దానమిచ్చిన పాత వస్తువులు అమ్మే చారిటీ షాపుకు వెళ్లాను. ఇప్పుడు బట్టలు, పుస్తకాలు, వంటగిన్నెలు అన్నీ అక్కడే కొంటున్నాను. నెలకు 90 పౌండ్ల దాకా అవుతోంది. మొన్న మా అత్తయ్య వచ్చినప్పుడు, 'దానమిచ్చినవి లేనివాళ్లకు చేరాలి గానీ నెలనెలా జీతం వచ్చే ఇంటికి ఎందుకు?' అన్నారు. 'చారిటీ' అన్న మాట వింటేనే మా వారికి వీసా భయం. పైగా 12 పౌండ్లకు కొన్న బార్బర్ బ్రాండ్ కోటు ఎవరికీ సరిపోక, పాతబట్టలు అమ్ముకునే వింటెడ్ యాప్‌లో పెడితే 70 పౌండ్లకు అమ్ముడుపోయింది. ఇదే వ్యాపారంగా చేసుకోమని స్నేహితురాలు అంటోంది. కౌంటర్ దగ్గర బేరమాడటం కూడా నాకు అలవాటైంది. ఇందులో ఏది సబబు, ఏది కాదు?

జవాబు: ముందు మీ అత్తగారి మాట చూద్దాం. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. మన ఊళ్లలో దానం చేస్తే ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఎదురెదురుగా ఉంటారు. చలికాలంలో పంచే రగ్గును ఉన్నవాళ్లు పట్టుకుపోతే ఒక పేదవాడికి రగ్గు తగ్గినట్టే. బ్రిటన్‌లో చారిటీ షాపు నడిచే తీరు వేరు. అక్కడ వస్తువులు పంచిపెట్టరు, అమ్మి డబ్బు చేస్తారు. ఆ డబ్బు కేన్సర్ పరిశోధనకో, గుండెజబ్బుల పరిశోధనకో, ఒంటరి వృద్ధుల సహాయానికో వెళుతుంది. మీరు కౌంటర్‌లో పెట్టే 5 పౌండ్లు లేకపోతే దానమిచ్చినవాళ్ల ఉద్దేశం నెరవేరదు.

ఈ పద్ధతికి బాట వేసినవాటిలో ఒకటైన ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థ కథ మీ అత్తగారికి చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధంలో గ్రీసు ఆకలితో అల్లాడుతుంటే 1942లో ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు కలిసి ఒక కమిటీ పెట్టారు. యుద్ధం ముగిశాక జనం ఇచ్చిన వస్తువులను అమ్మి నిధులు కూడగట్టడానికి 1940ల చివర్లో ఆ ఊరి బ్రాడ్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచారు. ఆ సంస్థే 1951లో బీహార్ కరువుకూ సాయం పంపింది. కొనేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ సాయం సాధ్యమైంది.

మీరు కొనకపోతే ఆ కోటు ఏమవుతుందో కూడా ఆలోచించండి. షాపులో జాగా తక్కువ, వచ్చిపడే సంచులు ఎక్కువ. కొన్ని వారాలు హ్యాంగర్‌కు వేలాడి అమ్ముడుపోని బట్టలను తీసేస్తారు. చాలామటుకు పాతబట్టల వ్యాపారులకు కిలోల లెక్కన పోతాయి. మీరిచ్చే ధర ముందు తూకానికి వచ్చే సొమ్ము ఏ మూలకూ రాదు. అక్కణ్నుంచి ఆ మూటలు ఓడలెక్కి ఘనాలోని అక్రాలో ఉన్న కంటమాంటో బజారు లాంటి చోట్లకు చేరతాయి. మన దేశానికి వచ్చే పాత ఉన్ని బట్టలను హర్యానాలోని పానిపట్‌లో రంగులవారీగా వేరుచేసి, చించి, మళ్లీ నూలు తీసి దుప్పట్లు నేస్తారు. అందుచేత లెస్టర్‌లో మీరు కొన్న స్వెటర్ మామూలుగా ఏ పేదవాడి ఒంటిమీదనుంచీ లాక్కున్నది కాదు.

'మామూలుగా' అని ఎందుకన్నానంటే, రెండు విషయాల్లో అత్తగారి మాటే నాకు సరైనదనిపిస్తుంది. ఒకటి, స్కూళ్లు తెరిచే ముందు ఆగస్టు చివర్లో వచ్చే యూనిఫారాలు. రెండోది, చలి ముదిరేవేళ చిన్నపిల్లల కోట్లు, బూట్లు. పెద్దవాళ్ల చొక్కాలకు కరువుండదు గానీ ఆరేళ్ల పిల్లకు సరిపోయే మంచి కోటు ఆ రోజు షాపులో ఒక్కటే ఉండొచ్చు. కొత్తది కొనే స్తోమత అసలే లేని తల్లికి ఆ షాపే ఆధారం. మీ పాపకు అవసరమైతే ఒకటి తీసుకోండి, అందులో తప్పు లేదు. వచ్చే ఏడాదికీ ఆ పై ఏడాదికీ అని మూడు సైజులు ఇంట్లో దాచిపెట్టకండి. అమ్ముకోవడానికైతే వాటిని అసలు ముట్టుకోవద్దు. ఈ మాట సలహాదారుగా కాకుండా మనిషిగా చెబుతున్నాను.

మీ వారి భయానికి మాత్రం ఆధారం లేదు. వీసా మీద 'పబ్లిక్ ఫండ్స్ తీసుకోరాదు' అని రాసేది యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, కౌన్సిల్ ఇల్లు వంటి ప్రభుత్వ సాయాల గురించి. షాపులో డబ్బిచ్చి కొన్న కోటుకు దానితో ఏ సంబంధమూ లేదు.

ఇక బేరం. ఇక్కడ మీతో ఏకీభవించలేను. కోఠిలో అమ్మేవాడు బేరం వస్తుందని తెలిసే రేటు చెబుతాడు. మీరు తగ్గించమంటారు, అతను కొంత దిగుతాడు, తన లాభం ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు. చారిటీ షాపు కౌంటర్‌లో ఉన్న ఆవిడ చాలాచోట్ల జీతం లేని వాలంటీర్. ధర తగ్గించే అధికారం ఆమెకు ఉండకపోవచ్చు, మొహం మీద కాదనడం ఆమెకు ఇబ్బంది. మీరు తగ్గించుకున్న 2 పౌండ్లు పోయేదీ ఆమె జేబులోంచి కాదు, ఆ సంస్థ చేసే పనిలోంచి. ఇంకో సంగతి: దానంగా వచ్చిన వస్తువుల అమ్మకంపై ఈ షాపులకు వ్యాట్, అంటే అమ్మకపు పన్ను, సున్నా శాతం. దుకాణంపై పడే బిజినెస్ రేట్స్ పన్నులో 80 శాతం మినహాయింపు చట్టప్రకారమే వస్తుంది. ఆదాయం సేవకు పోవాలనే ఉద్దేశంతో జనం వదులుకున్న పన్ను అది. ఆ షాపులో గీచి గీచి బేరమాడటం నాకు నచ్చదు. గుండీ ఊడిందనో, జిప్పు పాడైందనో గమనిస్తే మేనేజరుకు చూపించండి. వాళ్లే తగ్గిస్తే తీసుకోండి. ధర ఎక్కువనిపిస్తే అక్కడే పెట్టి వచ్చేయండి.

కోటు దగ్గరకు వద్దాం. ఇంట్లో వాడుకోవడానికి కొన్న వస్తువు ఎంత చవగ్గా దొరికినా మీరెవరికీ ఏమీ బాకీ లేరు. ధర వేసినవాళ్లు తమకు తెలిసినంతలో వేశారు, మీరు అడిగినంతా ఇచ్చారు. సరిపోక అమ్మేశారు, అదీ సరే. ఎక్కువ ధర పలికే వస్తువని మీకు తెలిసి, ధర వేసినవాళ్లకు తెలియక, ఆ తేడా కోసమే షాపులు తిరగడం మొదలుపెడితే అప్పుడు లెక్క మారుతుంది. తిరగడం, ఉతకడం, ఫొటోలు తీయడం, ప్యాక్ చేసి పోస్టులో వేయడం మీ కష్టమే, ఆ కష్టానికి ప్రతిఫలం న్యాయమే. మిగిలిన తేడా మాత్రం ఎవరో ఒక రోగి కోసం ఇచ్చిన వస్తువులోంచి వచ్చింది. నన్నడిగితే అలాంటి లాభంలో మూడో వంతు సంస్థకు తిరిగి వెళ్లాలి. మీ కోటు లెక్క వేస్తే 70లో 12 తీసేస్తే 58. ఒక 20 పౌండ్లు ఆ కోటు కొన్న సంస్థకే పంపండి. ఆ సొమ్ము మీ వారి ఖాతా నుంచి, ఆయన పేరుతో గిఫ్ట్ ఎయిడ్ అనే పన్ను పథకం కింద ఇస్తే, ఆయన కట్టిన పన్నులోంచి సంస్థ మరో 5 పౌండ్లు రాబట్టుకుంటుంది. ఈబేలో అమ్మేటట్టయితే వచ్చిన ధరలో 10 నుంచి 100 శాతం దాకా నేరుగా చారిటీకి వెళ్లేలా పెట్టే సదుపాయం ఉంది.

వ్యాపారంగా చేయాలనుకుంటే చట్టం కూడా తెలుసుకోవాలి. ఇంట్లో వాడేసినవి అమ్ముకుంటే అది వ్యాపారం కాదు. లాభం కోసమే కొని అమ్మితే వ్యాపారమే. ఒక పన్ను సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు, అలాంటి అమ్మకాలు 1,000 పౌండ్లు దాటితే పన్నుశాఖ హెచ్‌ఎంఆర్‌సీలో నమోదు చేసుకోవాలి. ఆ సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబర్ 5 దీనికి గడువు. వెయ్యి అన్నది లాభం కాదు, మొత్తం అమ్మకాలు, చాలామంది పొరబడేది ఇక్కడే. మీకు వేరే ఆదాయం లేదు కాబట్టి 12,570 పౌండ్ల వ్యక్తిగత మినహాయింపు లోపల పన్ను పడదు. నమోదు మాత్రం తప్పదు. కొన్న రసీదులన్నీ దాచండి.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్‌గా మీకు స్వయం ఉపాధికి సాధారణంగా అడ్డు లేదు. మీ వారి షరతులు వేరు. కాబట్టి యాప్ ఖాతా, బ్యాంకు ఖాతా రెండూ మీ పేరునే ఉండాలి, అమ్మకాలు ఆయన పేరుమీద పెట్టకండి. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు గట్టిగా చెబుతున్నాను: మీకు స్వయం ఉపాధి, వ్యాపారం నిషిద్ధం. సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి 20 గంటల ఉద్యోగానికే సాధారణంగా అనుమతి. చారిటీ షాపులో జాకెట్లు కొని యాప్‌లో తిరిగి అమ్మడం సరదా సంపాదనలా కనిపిస్తుంది, లక్షల అప్పుతో వచ్చిన చదువునే ప్రమాదంలో పడేస్తుంది. పైగా అమ్మకాలు ఒక స్థాయి దాటినవాళ్ల వివరాలను ఆన్‌లైన్ వేదికలు 2024 నుంచి సేకరించి హెచ్‌ఎంఆర్‌సీకి పంపుతున్నాయి.

మీరూ షాపుకు ఇవ్వండి. పిల్లలకు పొట్టివైన బట్టలు ఉతికి పగలు, షాపు తెరిచి ఉన్నప్పుడు పట్టుకెళ్లండి. గిఫ్ట్ ఎయిడ్ ఫారం మీద మీ వారి వస్తువులకు ఆయన సంతకమే ఉండాలి. పన్ను కట్టని మీరు సంతకం చేస్తే సంస్థ తీసుకున్న పన్ను సొమ్ముకు తర్వాత మీరు జవాబు చెప్పాల్సి వస్తుంది. మూసిన తలుపు ముందు సంచులు వదిలి రాకండి. వాన పాడుచేస్తుంది, లేదా ఎవరో పట్టుకుపోతారు. అలా బయట వదిలిన సంచులు ఎవరివీ కావన్న వాదనను లండన్ హైకోర్టు 2010లో ఒప్పుకోలేదు, తీసుకెళ్లడం దొంగతనమే అవుతుందంది.

ఇప్పుడు మీరు అడగని విషయం. నెలకు 90 అంటే ఏడాదికి 1,080 పౌండ్లు. అందులో ఎంత భాగం మీరు ఎలాగూ కొనాల్సినవి? 40 పౌండ్ల వస్తువు 5కు వస్తే 35 మిగిలిందనుకుంటాం. అది అవసరమైనదైతేనే ఆ లెక్క నిలుస్తుంది, లేకపోతే 5 ఖర్చయినట్టే. వెళ్లేముందు పిల్లల కొలతలు, కావలసినవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. చవక దొరికిందన్న సంతోషం నిజమైనదే, దాన్ని వదులుకోమని నేను చెప్పను. ఆ సంతోషానికి నెలకు 10 పౌండ్లు వేరుగా పెట్టుకోండి.

ఆ షాపులన్నిటికన్నా పెద్ద ఆదా మీ ఇంట్లోనే ఉంది. మీకు ఆదాయం లేదు, మీ వారు 20 శాతం పన్ను పరిధిలో ఉన్నారు కాబట్టి మ్యారేజ్ అలవెన్స్ కింద మీ మినహాయింపులో 1,260 పౌండ్లు ఆయనకు బదిలీ చేయొచ్చు. ఏడాదికి 252 పౌండ్ల దాకా ఆయన పన్ను తగ్గుతుంది. వెనక్కి నాలుగు సంవత్సరాలకు కూడా అడగొచ్చు, ఆ సంవత్సరాల్లో మీరిద్దరూ ఇక్కడే ఉండి అర్హులై ఉంటే. దరఖాస్తు మీరే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టాలి, రుసుము ఏమీ లేదు. తెచ్చిపెడతామని కమిషన్ అడిగే ఏజెంట్ల జోలికి వెళ్లకండి. ఏప్రిల్ 5 దాటితే అన్నిటికన్నా పాత సంవత్సరం చేజారుతుంది కాబట్టి ఈ వారమే కూర్చుని ఆ పని పూర్తిచేయండి.